వదిలొచ్చిన దేశానికి ఇంకా చందా కట్టాలా?

యూకేలో నాలుగైదేళ్ళు పనిచేసి తిరిగొచ్చిన మనోళ్ళు ఇద్దరు ఎక్కడ కలిసినా ముందు చలి గురించి, తర్వాత ఇంటి అద్దెల గురించి, ఆపైన వీసాల గురించి మాట్లాడుకుంటారు. ఆ మూడూ అయ్యాక నాలుగో ప్రశ్న ఒకటి వస్తుంది. "నీ నేషనల్ ఇన్స్యూరెన్స్ సంగతి ఏం చేశావ్?" అని. సగం మంది దృష్టిలో అది పోయిన సొమ్ము. మిగతా సగంలో కొందరు "అదేదో ఫారం ఉందట, చవగ్గా పింఛను కొనుక్కోవచ్చట" అంటారు. ఆ "అట" లేకుండా చెప్పగలిగినవాళ్ళు చాలా తక్కువ. అందుకే నాకు తెలిసినంత వరకు లెక్కలతో సహా ఇక్కడ రాసి పెడుతున్నా. లెక్కలంటే చిరాకు ఉన్నవాళ్ళు కొంచెం ఓపిక పట్టండి, చివరికి విషయం లెక్కల దగ్గర ఆగదు.

మొదట అసలు సంగతి. యూకేలో జీతం మీద ఆదాయపు పన్నుతో పాటు నేషనల్ ఇన్స్యూరెన్స్ అని ఇంకో కోత ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి ఉద్యోగి వాటా 8 శాతం (ఏడాదికి 12,570 పౌండ్ల నుంచి 50,270 పౌండ్ల వరకు, ఆపైన 2 శాతం). 2025 ఏప్రిల్ నుంచి కంపెనీ వాటా 5,000 పౌండ్ల పైన 15 శాతం. 45,000 పౌండ్ల జీతగాడు అనుకోండి. ఏడాదికి ఆయన జేబులోంచి సుమారు 2,600, ఆయన పేరు మీద కంపెనీ నుంచి 6,000 పౌండ్లు పోతాయి. మన పీఎఫ్ లాగా ఇది మన ఖాతాలో కూర్చోదు. ఈ ఏడాది మనం కట్టింది ఈ ఏడాదే అక్కడి ముసలివాళ్ళకు పింఛనుగా పోతుంది. దేశం వదిలి వచ్చేటప్పుడు "నా పైసలు నాకియ్యండి" అంటే ఇవ్వరు. మిగిలేది ఒక్కటే, రికార్డు. ఫలానా నంబరు గల మనిషికి ఇన్ని "క్వాలిఫయింగ్ ఇయర్లు" ఉన్నాయి అన్న లెక్క.

ఆ రికార్డు విలువ ఏంటంటే, 2016 ఏప్రిల్ 6 తర్వాత పింఛను వయసుకు వచ్చేవాళ్ళకు కొత్త స్టేట్ పెన్షన్ వర్తిస్తుంది. కొత్తగా రికార్డు మొదలెట్టినవాళ్ళకు పూర్తి పింఛను రావాలంటే 35 ఏళ్ళు ఉండాలి. 10 ఏళ్ళ కంటే తక్కువుంటే ఏమీ రాదు. తొమ్మిదేళ్ళు కట్టినా సున్నాయే. పది ఏళ్ళయితే పూర్తి పింఛనులో 35 వంతులకు 10 వంతులు. 2025-26లో పూర్తి పింఛను వారానికి 230.25 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 241.30.

ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు. క్వాలిఫయింగ్ ఇయర్ అంటే పన్నెండు నెలలూ అక్కడే ఉండాలని కాదు. వాళ్ళ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై మరుసటి ఏప్రిల్ 5న ముగుస్తుంది. ఆ మధ్యలో ఉద్యోగి సంపాదన ఒక కనీస మొత్తం దాటితే చాలు, 2025-26లో అది 6,500 పౌండ్లు. మన సాఫ్ట్‌వేర్ జీతాలకు రెండు నెలల్లో దాటిపోతుంది. అంటే జనవరిలో దిగినవాడికి ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది, జూన్ చివర్లో తిరిగొచ్చినవాడికీ వస్తుంది. "నేనున్నది నాలుగేళ్ళే" అనుకునేవాళ్ళకు రికార్డులో ఐదు ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో చూసుకుంటే తెలుస్తుంది.

ఇక స్వచ్ఛందంగా కట్టడం సంగతి. వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఖాళీ సంవత్సరాలకు డబ్బు కట్టి రికార్డు నింపుకోవచ్చు అనేది అక్కడి పాత పద్ధతి. రెండు రకాలు. క్లాస్ 3 అందరికీ తెలిసిన రేటు, 2025-26లో వారానికి 17.75 పౌండ్లు, ఏడాదికి 923. క్లాస్ 2 చాలా చవక, వారానికి 3.50, ఏడాదికి 182. యూకేలో వరుసగా మూడేళ్ళు ఉన్నా, లేదా మూడేళ్ళ చందా కట్టి ఉన్నా, వచ్చేముందు దాకా అక్కడ పనిలో ఉండి, ఇప్పుడు బయట దేశంలో పనిచేస్తూ ఉంటే ఈ చవక రేటు దొరికేది. సీఎఫ్83 అనే ఫారం నింపి పంపాలి. జవాబు రావడానికి నెలలు పడుతుంది, అది వేరే కథ :)

ఇప్పుడు లెక్క. ఒక ఏడాది నింపితే పింఛను వారానికి సుమారు 6.58 పౌండ్లు పెరుగుతుంది, ఏడాదికి 342. క్లాస్ 2 లో 182 కట్టి, పింఛను మొదలయ్యాక ప్రతి ఏటా 342 తీసుకోవడం. ఆరేడు నెలల్లో అసలు వచ్చేస్తుంది. ఇంతకంటే మంచి బేరం నేను లోకంలో ఎక్కడా చూడలేదు. అంత మంచి బేరం ఎక్కువ కాలం ఉండదని కూడా తెలిసిందే కదా.

ఉండలేదు. 2025 నవంబరు 26 నాటి బడ్జెట్‌లో ఆ తలుపు మూశారు. 2026 ఏప్రిల్ 6 నుంచి మొదలయ్యే సంవత్సరాలకు విదేశాల్లో ఉన్నవాళ్ళు క్లాస్ 2 కట్టడం కుదరదు. క్లాస్ 3 కట్టాలన్నా మూడేళ్ళ సంబంధం చాలదు, పదేళ్ళు కావాలి. అయితే అంతకు ముందు సంవత్సరాలకు పాత నిబంధనే, మామూలుగా ఉండే ఆరేళ్ళ గడువు లోపల.

ఈ చివరి వాక్యం ఎవరి బతుకులో ఎంత తేడా తెస్తుందో చూడండి. మా అచ్చంపేట పక్కన బల్మూరు మండలంలోని నా సీనియర్ ఒకాయన ఉన్నాడు. అన్నా అని పిలుస్తాను. 2016 సెప్టెంబరులో వెళ్ళి, అక్కడి కంపెనీలో నేరుగా చేరి, 2020 ఫిబ్రవరిలో తిరిగొచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. రికార్డులో నాలుగేళ్ళు. 2020-21 నుంచి 2025-26 వరకు ఖాళీలు ఆరు. నాలుగూ ఆరూ పది! క్లాస్ 2 రేటుతో ఆరేళ్ళకు సుమారు 1,100 పౌండ్లు, పౌండుకు 120 రూపాయల చొప్పున గుండ్రంగా లక్షా ముప్ఫై వేలు. అది కడితే ఆయనకు పదేళ్ళ పింఛను హక్కు వస్తుంది. 2025-26 రేట్ల ప్రకారం వారానికి 65.79 పౌండ్లు, నెలకు దాదాపు 34,000 రూపాయలు. కట్టకపోతే సున్నా. ఆ ఆరింటిలో మొదటిదైన 2020-21కి ఆఖరు తేదీ 2027 ఏప్రిల్ 5. అది దాటితే తొమ్మిదేళ్ళే అవుతాయి, తొమ్మిదికి ఏమీ రాదని పైనే చెప్పాను. మీలో ఎవరైనా ఇదే లెక్కలో ఉంటే దయచేసి రేపే మీ రికార్డు తెరిచి చూడండి.

ఇక నా సంగతి. నేను వెళ్ళింది 2021 శరదృతువులో, వచ్చింది 2025 జూన్ చివర్లో. రికార్డులో ఐదేళ్ళు. ఇంకో ఐదు కావాలి, కొత్త నిబంధనతో బయటి నుంచి కట్టే దారి లేదు. కాబట్టి నేను ఈ బేరంలో లాభపడేవాణ్ణి కాదు. మళ్ళీ అక్కడికి వెళ్ళి ఐదేళ్ళు పనిచేస్తే తప్ప ఆ ఐదూ అట్లా రికార్డులో పడుకుని ఉంటాయి. ఒక్క మంచి సంగతి, అవి చెరిగిపోవు.

సరే, కట్టగలిగినవాళ్ళు కళ్ళు మూసుకుని కట్టేయాలా? అదీ కాదు. నాలుగు విషయాలు చూసుకోవాలి.

ఒకటి, వయసు. పింఛను వయసు 2026-2028 మధ్య 66 నుంచి 67కు, చట్టం ప్రకారం 2044-2046 మధ్య 68కి పోతుంది. ఇప్పుడు ముప్ఫైకి అటూఇటూ ఉన్నవాళ్ళకు కనీసం 68. ఇంకా నలభై ఏళ్ళు. ఈలోగా ఎన్ని ప్రభుత్వాలు వస్తాయో, ఎన్నిసార్లు నిబంధన మారుస్తాయో. 2010కి ముందు పూర్తి పింఛనుకు మగవాళ్ళకు 44 ఏళ్ళు కావాలి, 2010లో 30 చేశారు, 2016లో 35 చేసి పదేళ్ళ గడప పెట్టారు. ఆరేళ్ళలో రెండుసార్లు మార్చిన వాళ్ళు నలభై ఏళ్ళలో ఎన్నిసార్లు మారుస్తారో మీరే ఊహించుకోండి.

రెండు, నామినీ ఉండడు. 67 ఏళ్ళకు మనిషి పోతే కట్టిందంతా పోయినట్టే. పీఎఫ్ అయితే పెళ్ళాం పిల్లలకు వస్తుంది, ఇది రాదు.

మూడు, ఇదే అసలైనది. ఇండియాలో ఉన్నవాళ్ళకు బ్రిటిష్ పింఛను పెరగదు. యూకేలో ఉంటే ప్రతి ఏప్రిల్‌లో ధరల పెరుగుదల, జీతాల పెరుగుదల, 2.5 శాతం, ఈ మూడింట్లో ఏది ఎక్కువైతే అంత పెంచుతారు. అమెరికాలో ఉన్నా పెంచుతారు. ఇండియా, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఉంటే మొదటి నెల ఎంత వస్తుందో చచ్చేదాకా అంతే. దక్షిణాఫ్రికాలో ఉండే అన్నెట్ కార్సన్ అనే ఆవిడ దీని మీద కోర్టుకు వెళ్ళి 2005లో అక్కడి ప్రభువుల సభలో ఓడిపోయారు, 2010లో యూరోపు మానవ హక్కుల కోర్టులోనూ ఓడిపోయారు. అయితే ఒకటి గమనించండి. పింఛను మొదలయ్యే రోజుదాకా పెరుగుదల వర్తిస్తుంది. మొదలయ్యాకే గడ్డకడుతుంది.

నాలుగు, అదే డబ్బు ఇక్కడ పెడితే? క్లాస్ 3 కట్టగలిగిన వాళ్ళ లెక్క చూద్దాం. 923 పౌండ్లు అంటే లక్షా పదివేలు. ధరల పెరుగుదల తీసేసి ఏటా 4 శాతం నికరంగా పెరుగుతుందనుకుంటే 39 ఏళ్ళకు నేటి విలువలో 5 లక్షల పైచిలుకు. అటువైపు ఏడాదికి 342 పౌండ్లు, అంటే 41,000 రూపాయలు, 68 నుంచి 15 ఏళ్ళు. గడ్డకట్టి ఏటా 3 శాతం విలువ కరిగిపోతుందనుకుంటే మొత్తం నేటి విలువలో సుమారు 5 లక్షలే. రెండూ సమానం! అంటే ఇప్పటికే పదేళ్ళు దాటినవాడు చిన్నవయసులో క్లాస్ 3 తో ఒక్కో ఏడాది కొనుక్కోవడం పెద్ద లాభమేం కాదు, నష్టమూ కాదు. క్లాస్ 2 మాత్రం ఎట్లా చూసినా ఐదు రెట్లు లాభం. పదో ఏడు అందుకోవడానికి అయితే ఏ రేటుకైనా కట్టొచ్చు, ఎందుకంటే అది ఒక్క ఏడాది విలువ కాదు, పది ఏళ్ళ విలువ.

మా నాయనకు ఇదంతా చెప్తే ఆయన అడిగింది ఒక్కటే. "గదేంది బిడ్డా, ఆడ కొలువు ఇడ్సిపెట్టి వచ్చినంక గూడ ఆళ్ళకు పైసలు కడ్తరా? గంత ముసలితనానికి ఆళ్ళు ఇస్తరని నమ్మకం ఏంది?"

నేను రికార్డు ఉంటుంది నాయనా అన్నాను. ఆయన నవ్విండు. "రికార్డు! మనోళ్ళకు ఎవడు రాసిండు రా రికార్డు?"

ఆ మాట దగ్గర నాకు లెక్క ఆగిపోయింది.

మాది అచ్చంపేట. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు నాగర్‌కర్నూలులోకి వచ్చింది గానీ, మేం మాత్రం పాలమూరోళ్ళమే. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డేసినా "పాలమూరు లేబర్" అనే మాట వినపడేది. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్స్ ఇచ్చి మొగుడూ పెళ్ళాలను లారీ ఎక్కించి తీసుకపోయేవాడు. పంట చేతికి రాక, నీళ్ళు లేక, ఏడాదిలో సగం రోజులు ఊరు ఖాళీ. వాళ్ళు ఇరవై ఏళ్ళు, ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. ఎన్ని వారాలు పనిచేశారో ఏ సర్కారు పుస్తకంలోనూ లేదు. ఉన్న లెక్క మేస్త్రీ నోటు బుక్కులో. అది కూడా వాళ్ళు ఎంత బాకీ ఉన్నారనే లెక్క.

నేను నాలుగేళ్ళ లోపే ఏసీ గదిలో కూర్చుని కోడ్ రాస్తే, నేను పుట్టని దేశం నా పేరు మీద ప్రతి వారం లెక్క రాసి పెట్టుకుంది. నేను పోయాక కూడా దాచిపెట్టింది. మా వీధిలో ముప్ఫై ఏళ్ళు మట్టి మోసిన అవ్వకు తను పుట్టిన దేశంలో ఒక్క వారం లెక్క లేదు. ఆమెకు వచ్చేది ఆసరా. 2014లో వెయ్యితో మొదలై 2019లో 2,016 అయింది. 2023 ఎన్నికల్లో నాలుగు వేల హామీ వచ్చింది. ఆ డబ్బు చిన్నదని నేననను, పోస్టాఫీసు ముందు ఆ రోజు నిలబడే ముసలోళ్ళను చూస్తే దాని విలువ తెలుస్తుంది. కానీ అది ఎన్నికలు ఇచ్చేది. ఆమె పనిచేసినందుకు వచ్చేది కాదు. మా సీనియర్ అన్నకు రాబోయేది ఆయన కట్టినందుకు, చేసినందుకు వచ్చేది. తేడా అదీ.

మన ఉద్యోగాల పింఛను గొప్పగా ఉందా అంటే అదీ అంతంతే. 1995లో వచ్చిన ఈపీఎస్‌కు కూడా పదేళ్ళ గడపే. 2014లో పెట్టిన 15,000 జీత పరిమితితో పదేళ్ళ సర్వీసుకు నెలకు వచ్చేది 2,143 రూపాయలు. 2014 సెప్టెంబరు తర్వాత అంతకు మించిన బేసిక్‌తో తొలిసారి ఉద్యోగంలో చేరినవాళ్ళకు ఈపీఎస్ అసలు లేదు, ఉందనుకుంటూ ఉన్నవాళ్ళు మనలో చాలామంది. ఇక 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజనలో కూలివాళ్ళు కూడా చేరొచ్చు, అరవై తర్వాత నెలకు వెయ్యి నుంచి ఐదు వేలు గ్యారంటీ. కానీ ఆ ఐదు వేలు ధరలతో పాటు పెరగవు. ఇప్పుడు పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు చేరితే నలభై రెండేళ్ళ తర్వాత వచ్చేది అదే ఐదు వేలు. బ్రిటన్ వాడు మన ముసలివాళ్ళ పింఛను గడ్డకట్టిస్తాడని మనం తిట్టుకుంటాం. మనది మొదటి రోజు కట్టిన నాడే గడ్డకట్టింది.

కొత్త నిబంధన న్యాయమా అన్యాయమా అనే చర్చ కూడా ఉంది. వాళ్ళ వైపు నుంచి చూస్తే, మూడేళ్ళు ఉండిపోయినవాడు తమ సొంత కూలీ కంటే చవగ్గా పింఛను కొనుక్కోవడం వాళ్ళకు మింగుడుపడదు. నిజమే, నేనే అక్కడివాణ్ణయితే నాకూ పడదు. కానీ రెండో వైపు కూడా చూడాలి. ఐదేళ్ళు, ఏడేళ్ళు, తొమ్మిదేళ్ళు పూర్తి రేటుతో కట్టి వచ్చినవాడికి ఇక దారి లేదు. వాడి డబ్బుతో అక్కడి ముసలివాళ్ళు తిన్నారు, వాడు ముసలివాడయ్యాక వాడికి సున్నా. జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ లాంటి దేశాలతో ఇండియాకు సామాజిక భద్రత ఒప్పందాలున్నాయి, అక్కడి ఏళ్ళూ ఇక్కడి ఏళ్ళూ కలిపి అర్హత లెక్కగడతారు. 2025 జులై 24న సంతకాలైన భారత్-యూకే వాణిజ్య ఒప్పందంతో పాటు కుదిరిన ఏర్పాటు అట్లాంటిది కాదు. కంపెనీ తరఫున పంపిన ఉద్యోగికి 36 నెలల దాకా రెండుచోట్ల కట్టే బాధ తప్పిస్తుంది, అంతే. ఏళ్ళు కలపదు. అది కంపెనీలకు మేలు, అక్కడ నేరుగా చేరినవాడికి ఒరిగేదేం లేదు. అడగాల్సిందల్లా ఏళ్ళు కలిపే ఒప్పందం. చవక రేటు కంటే అది మర్యాదైన పద్ధతి.

చివరగా నా సలహా, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండి. 2026 ఏప్రిల్‌కు ముందు ఖాళీలు ఉండి, పది అందుకోగలిగినవాళ్ళు రికార్డు చూసుకుని గడువులోపల కట్టండి. పది ఎట్లా చూసినా అందనివాళ్ళు పైసా కట్టకండి, ఆ డబ్బు ఇక్కడే పెట్టుకోండి. మీ నేషనల్ ఇన్స్యూరెన్స్ నంబరు, పీ60లు, పాత అడ్రసులు మాత్రం పారేయకండి, ఒప్పందాలు ఎప్పుడు మారతాయో ఎవరు చూశారు.

ఇంకొకటి. మీ ఇంట్లో పనిచేసే మనిషికీ, మీరు కట్టించుకునే ఇంటికి ఇటుకలు మోసేవాళ్ళకీ ఈ-శ్రమ్ కార్డు, భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు ఉన్నాయో లేదో ఒకసారి అడగండి. లేకపోతే మీసేవకు వెంటబెట్టుకుని వెళ్ళండి. ఒక ఆదివారం పూట పని. మా వీధిలో నేను ఇప్పటికి ఆరుగురికి చేయించాను, నాయన దగ్గరుండి అందరి ఆధార్ కార్డులూ పోగుచేసి ఇచ్చిండు.